బాక్సు పక్కన చోటు

“ఈడ నుంచి కదిలేది లేదప్పా,” అంది కృపమణి.

ఆమె వెనక పదకొండు మంది ఆడపిల్లలు హాస్టలు యూనిఫాంలో, స్పీకర్ బాక్సులకు రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నారు. ఎదురుగా చేతికి వాలంటీరు పట్టీ కట్టుకున్న కిరణ్‌కుమార్. ఆదోని పత్తి వ్యాపారుల యువజన సంఘం కాలేజీ మైదానంలో పెట్టించిన మొదటి రాక్ షో అది. బెంగళూరు నుంచి బ్యాండు వచ్చింది. దాంతోపాటు లారీ ఎత్తు బాక్సులు వచ్చాయి. ముందు వరస చూసుకునే బాధ్యత కిరణ్‌కుమార్‌ది. సాయంత్రం ఐదున్నరకు షో మొదలవ్వాలి. ఐదుంబావయింది, ఈ టీచరమ్మ కదలడం లేదు.

అతను మొదట మర్యాదగానే చెప్పాడు. డ్రమ్ము మోగిందంటే ఆ చోట పెద్దవాళ్ళకే గుండె అదురుతుందని, పిల్లలకు వెనక షామియానా కింద కుర్చీలు వేయించామని, అక్కడ చల్లటి మజ్జిగ కూడా ఉందని చెప్పాడు. కృపమణి మజ్జిగ వద్దంది, కుర్చీలూ వద్దంది. పాసుల మీద ‘ముందు వరస’ అని ఉన్నది చూపించింది. ఆ పాసుల కోసం ఆమె సంఘం ఆఫీసు చుట్టూ మూడు వారాలు తిరిగింది. వార్డెన్‌ను కాళ్ళావేళ్ళా పడి ఒప్పించింది. ఏడింటికల్లా పిల్లలు హాస్టల్లో ఉండాలన్నది వార్డెన్ షరతు. దొరికేదే గంటన్నర లోపు. వెనక్కి పంపారంటే పిల్లలకు ఈ షో లేనట్టే.

“ఏమన్నా అయితే మమ్మల్నే అంటారు మేడం. ఏ హాస్టలు మీది? అనాథ పిల్లోళ్ళా?”

కృపమణి మళ్ళీ పాసులే అతని ముందుకు చాపింది. ఒక్క మాట చెబితే ఈ గొడవ తేలిపోతుందని ఆమెకు తెలుసు. పోయిన ఆగస్టులో మ్యాజిక్కు ప్రదర్శన పెట్టిన ఒక సభలో ఆ మాట చెప్పింది. చెప్పగానే పిల్లల్ని వేదిక ఎక్కించి, తలా ఒక అరటిపండు చేతిలో పెట్టి, అయ్యో పాపం అంటూ ఫోటోలు దిగారు. మ్యాజిక్కు చూడ్డానికి వెళ్ళిన పిల్లలు చివరికి మ్యాజిక్కు చూడనే లేదు. ఆ రోజు వచ్చిన కోపం ఆమెకు ఇంకా తగ్గలేదు. ఈసారి అందరిలాగే పాసు చూపించి, అందరిలాగే నిలబడాలని తీర్మానించుకుని వచ్చింది.

కిరణ్‌కుమార్ విసుక్కుంటూ వెళ్ళి గుప్పెడు దూది తెచ్చాడు. పత్తి నుంచి గింజ వేరుచేసే వాళ్ళ జిన్నింగు మిల్లులో యంత్రాల దగ్గర ఎవరైనా చెవుల్లో దూది పెట్టుకున్నాకే పనిలోకి దిగుతారు. అతని తాత కాలం నుంచి అదే పద్ధతి. తలా రెండు ఉండలు పంచాడు. పిల్లలు వాటిని బుగ్గలకు రాసుకున్నారు, ఒకరి జడలో ఒకరు గుచ్చి నవ్వుకున్నారు. ఒక్కరూ చెవిలో పెట్టుకోలేదు. పెట్టుకోమని టీచరూ చెప్పలేదు. పైగా అన్నీ ఏరి తిరిగి అతని చేతిలోనే పెట్టింది. అతనికి ఒళ్ళు మండిపోయింది. మంచికి చెబుతుంటే ఈమెకు ఇంత పొగరేమిటి?

సోఫా వరసలోంచి ఇదంతా చూస్తున్న సుందరలక్ష్మి లేచి వచ్చింది. ఆమె సంఘం అధ్యక్షుడి భార్య. ఊళ్ళో ఏ తగవూ ఆమె దాకా రానక్కర్లేదు, ఆమే వెతుక్కుంటూ వెళుతుంది. అందరిలోకీ చిన్నపిల్ల గడ్డం పట్టుకుని పేరేమిటని అడిగింది. పిల్ల టీచరు ముఖం వైపు చూసింది.

“చూసినావా కిరణూ, టీచరును అడక్కుండా పేరు కూడా చెప్పదు. ఎంత కొట్టి భయపెట్టినారో ఏమో.”

కృపమణి చిన్నపిల్లను తన వైపు లాక్కుంది. పన్నెండేళ్ళ సర్వీసులో ఆమె ఒక్క పిల్ల మీద చెయ్యి చేసుకోలేదు.

“నేను కొట్టింటే నా చెయ్యి పడిపోనీ అక్కా. వీళ్ళు నా బిడ్డలు.”

“సొంత బిడ్డలైతే చెవులు పగిలే చోట నిలబెడతావా?”

“నా బిడ్డలు కాబట్టే ఈడ నిలబెట్టినా.”

సుందరలక్ష్మి పోలీసును పిలవమంది. కిరణ్‌కుమార్ ఫోను తీశాడు. ఈలోగా టీచరు సంచిలోంచి బెలూన్లు తీసి పంచడం చూసి అతనికి కోపం నెత్తికెక్కింది. ఇది షోనా, పుట్టినరోజు పార్టీనా? పిల్లలు బుగ్గలుబ్బించి ఊది, ముడివేసి, ఎవరిది వాళ్ళు రెండు చేతులా పట్టుకున్నారు. పోలీసు వచ్చేలోపే వేదిక మీద డ్రమ్మర్ కర్రలు అందుకున్నాడు.

మొదటి దెబ్బకే సుందరలక్ష్మి చెవులు మూసుకుని సోఫా వైపు పరుగెత్తింది. కిరణ్‌కుమార్ మిగిలిన దూది తన చెవుల్లోనే కుక్కుకున్నాడు. పిల్లలు మాత్రం బాక్సుకు ఇంకో అడుగు దగ్గరగా జరిగారు. ఒక్కరూ ముఖం చిట్లించలేదు. బెలూన్లు గుండెలకు హత్తుకుని నోళ్ళు తెరిచి నిలబడిపోయారు. చిన్నపిల్ల ఏడుస్తోందో నవ్వుతోందో తెలియడం లేదు.

అతను ఇక ఆగలేకపోయాడు. అందరికంటే పెద్దదైన శివలీల వెనక చేరి, ఇవతలికి రమ్మని గొంతు చించుకుని అరిచాడు. ఆ పిల్ల తిరగలేదు. భుజం పట్టుకుని లాగాడు. అప్పుడు తిరిగింది. భయపడకుండా నవ్వి, అతని చెయ్యి పట్టుకుని తన బెలూను మీద ఆనించింది. డ్రమ్ము దెబ్బ పడినప్పుడల్లా బెలూను అతని అరచేతి కింద అదిరింది. పాట పల్లవి దాటి చరణంలోకి వెళ్ళింది, అదురు మారింది, ఆ పిల్ల కళ్ళు మూసుకుని దానికి తగ్గట్టు తల ఊపింది. కిరణ్‌కుమార్ కృపమణి వైపు చూశాడు. ఆమె ముఖంలో కోపం ఇంకా అలాగే ఉంది, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

పుట్టు చెవుడున్న ఆ పదకొండు మందికీ అది మొదటి పాట.