అడిగినవాళ్ళ రేటు

"బయట అద్దం మీద ఇంటి అప్పుకి ఐదున్నర శాతం వడ్డీ అని రాశారు. పదిహేడేళ్ళుగా కడుతున్న నాకేమో ఆరూ ముప్పావా?"

ఆస్ట్రేలియాలోని బల్లరాట్ ఊళ్ళో ఇళ్ళముందు గడ్డి కోసి బతికే లిండ్సీ, బ్యాంకు కౌంటర్ మీద టోపీ విసిరికొట్టాడు. దానికంటిన గడ్డి, కౌంటర్ వెనకున్న ఉద్యోగిని కీలీ కీబోర్డు మీద రాలింది.

"అది కొత్తగా ఇంటి అప్పు తీసుకునేవాళ్ళకండీ," అంది కీలీ.

"పాతవాళ్ళంటే అంత లోకువా? ఖాతా మూసే ఫారం ఇలా పడెయ్. వేరే బ్యాంకుకి పోతా."

కీలీ ఫారం తియ్యలేదు. రెండు మీటలు నొక్కి, తెర అతనివైపు తిప్పింది. "ఐదున్నరే. ఈరోజు నుంచే."

లిండ్సీ మొహం ఇంకా కందిపోయింది. "అంటే ఇన్నాళ్ళూ ఇవ్వగలిగుండీ ఇవ్వలేదన్నమాట! దొంగల్లారా!"

"నేను ఐలీన్ హౌరిగన్ కూతుర్ని. పన్నెండేళ్ళుగా మా అమ్మ ఇంటిముందు గడ్డి కోసేది మీరే. కోతకి ఎనభై డాలర్లు తీసుకుంటారు. పైగా ప్రతిసారీ టీ, కేకూ. మొన్న పక్కింట్లో దిగినవాళ్ళకి యాభైకే కోశారట?"

"కొత్తవాళ్ళు కదా, పట్టుకోవాలి కదా," అని గొణిగాడు లిండ్సీ.

"సరే, అమ్మ మిమ్మల్ని మాన్పించేస్తానంటే?"

"వద్దొద్దు! ఆవిడకీ యాభైకే కోస్తా!"

మాట నోరు జారాక గానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు. కీలీ కీబోర్డు బోర్లించి గడ్డి దులుపుతోంది.

"ఆవిడ ఎప్పుడూ అడగలేదమ్మాయ్," అన్నాడు టోపీ తీసుకుంటూ.

"మీరూ ఇవాళేగా నన్నడిగింది," అంది కీలీ.