పట్టీ లేని కాలు

తప్పులుంటే మన్నించండి. మా ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట అక్షరాలు దిద్దాను. ఈ కాస్త రాయడానికి మూడు రోజులు పట్టింది.

ఇప్పుడు పసిపిల్ల మొదలు ముసలమ్మ దాకా అందరి చీలమండకీ మర పట్టీ ఉంటుంది. కాలు మడతపడబోతే అదే బిగిసి ఆపుతుంది. మేం మాత్రం నాట్లకు దిగేముందు చెప్పులతోపాటు దాన్నీ గట్టు మీదే విడుస్తాం. భూమితల్లిని తొడుగుతో తొక్కకూడదు కదా. నిరుడు బెణికిన నా కాలు మడిలో మాటిమాటికీ ఒరిగిపోయేది. మూడోసారి పడ్డాక మా జట్టు పెద్ద గవరమ్మ, "వదినా, ఇంకోసారి పడ్డావంటే వరసలో చోటు లేదు" అనేసింది.

ఆస్పత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి నా కాలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"పట్టీకి అలవాటుపడి కాలు తనని తాను ఆపుకోవడం మరిచిపోయింది పెద్దమ్మా. రోజూ పట్టీ విప్పి ఒంటికాలి మీద నిలబడండి."

"ఈ వయసులో కొంగజపమా?"

"కొంగ పడిపోగా ఎప్పుడైనా చూశారా?"

నాలుగు నెలలు నిలబడ్డాను. ఈ ఏడు నాట్లలో వెనక్కి అడుగేస్తుంటే బురదలో కాలు పక్కకు ఒరిగింది. పడిపోయాననే అనుకున్నాను. కాలు తనే సర్దుకుంది.

"పడలేదేం వదినా?" అంది గవరమ్మ.

"మాటలు మాని నాటు" అన్నాను.

బొడ్డేపల్లి సూరీడమ్మ, అరవై మూడేళ్ళు. ప్రస్తుతం ఉండేది నరసన్నపేట దగ్గర.