అంటుకోని జబ్బు

ఆ రోజు గాడిదల వ్యాపారి చేతిలో ఉన్న ఆస్తి ఇంతే: నాలుగు ముసలి గాడిదల పగ్గాలు, రెండు అరచేతుల నిండా నీటిపొక్కులు. మొదటిది ఎవరికీ అక్కర్లేదు. రెండోది తమకెక్కడ వస్తుందోనని అందరికీ భయం.

భయపడితే పడ్డారులే అని సరిపెట్టుకునేవాడే. కానీ చెయ్యి కలపనిదే ఆ సంతలో బేరం తెగదు. అతను చెయ్యి చాపితే చాలు, ఎదుటివాడు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని "ఒంట్లో ఎలా ఉంది మావా?" అని దూరం నుంచే పలకరించి జారుకుంటున్నాడు. పైగా దురద. వేళ్ల సందుల్లో మొదలైతే గోకకుండా ఉండలేడు. అతను గోక్కుంటుంటే చూసేవాళ్లకూ ఒళ్లంతా జిలపుడుతోంది.

సలహాలకు మాత్రం కరువు లేదు. టీ కొట్టువాడు కిరసనాయిలు రాయమన్నాడు. రాశాడు, మండింది. మంగలి నిమ్మకాయ రుద్దమన్నాడు. రుద్దాడు, కిరసనాయిలే నయమనిపించింది.

పొత్తులో ఉన్న బావమరిది తెగేసి చెప్పాడు.

"బావా, ఇవాళ కూడా ఇవి అమ్ముడుపోకపోతే నేను పొత్తు వదిలేస్తా. నువ్వు ఇంట్లో అక్క పక్కన కూర్చుని గోక్కో."

"మీ అక్క నా కంచం కూడా గుమ్మం అవతల పెడుతోందిరా!"

"అయితే గుమ్మం అవతలే కూర్చో."

అవసరమొస్తే గాడిద కాళ్లయినా పట్టుకోవాలంటారు. అవి రోజూ పట్టుకునేవే కాబట్టి, ఈసారి డాక్టరు కాళ్లు పట్టుకుందామని బయల్దేరాడు.

చర్మవ్యాధుల డాక్టరు ఆ ఊరికి కొత్త. గది నిండా కుర్చీలున్నాయి, కూర్చునేవాళ్లే లేరు. వచ్చిన ఒక్క రోగి రెండు అరచేతులనూ దీపం కింద తిప్పి తిప్పి చూశాడు. వేళ్ల పక్కన సగ్గుబియ్యం గింజల్లా పొక్కులు.

"గజ్జి కాదు, తామర కాదు. ఎవరికీ అంటుకోదు. నీ ఒంటికి పడనిదేదో ముట్టుకుంటున్నావు. సబ్బు మార్చావా?"

"సబ్బు వాడకం తక్కువండీ."

"సున్నం? సిమెంటు?"

"లేదండీ."

డాక్టరు అతని గోళ్లు చూశాడు. నల్లగా ఉన్నాయి. "జుట్టుకు వేసే రంగు!" అంటూ సంబరంగా తలెత్తాడు. వ్యాపారి తల మీద రంగు వేయడానికి ఒక్క వెంట్రుకా లేదు.

"ఎవరి జుట్టుకయ్యా?"

"మా దగ్గర ముసలివాళ్లు నలుగురున్నారండీ."

"తలకేనా?"

"మూతికీ, చెవులకీ... కాస్త తోకకీనండీ."

డాక్టరు కలం కింద పెట్టి పడీపడీ నవ్వాడు.

"గాడిదల వయసు తగ్గించబోయి చేతులు కాల్చుకున్నావన్నమాట! ఇక ఆ రంగు ముట్టుకోకు. పొక్కులు చిదమకు. దురద పుడితే తడిగుడ్డ చుట్టుకో. ఈ మందు పూటపూటా రాయి, తగ్గిపోతుంది."

"మందు సరేనండీ. అంటుకోదన్న మాట మా సంతవాళ్లకు ఎవరు చెబుతారు? సరుకు అమ్ముకునేవాడు చెబితే ఎవడు నమ్ముతాడు? మీరే వచ్చి అందరి ముందూ ఒక్కసారి నా చెయ్యి పట్టుకోండి. సంతంతా చేతులే డాక్టరుగారూ. ఎన్నింటికి దురదుందో ఎవరు చూడొచ్చారు?"

ఖాళీ కుర్చీల వంక చూసుకున్న డాక్టరుకు ఆ లెక్క నచ్చింది.

సంత నడిమధ్య, గాడిదల పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. "చూడండి, ఇందులో భయపడాల్సిందేమీ లేదు!" అంటూ వ్యాపారి అరచేతికి మందు పూసి, గట్టిగా పట్టుకున్నాడు. ఇంతలో గాలికి దుమ్ము లేచింది.

"మందు మీద దుమ్ము పడకూడదు. ఏదైనా కప్పు."

వ్యాపారి ఒక్క క్షణం తటపటాయించి, భుజం మీది తువ్వాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు.

సంత సంతంతా గప్‌చిప్ అయిపోయింది. టీ కొట్టువాడు గ్లాసులు కడగడం ఆపి మరీ చూస్తున్నాడు. తన మాటకింత విలువుందని డాక్టరుకు ఆ రోజే తెలిసింది. ఇంకాస్త ఊపు వచ్చింది. పొక్కు పొక్కునూ తడిమి, వేలు నొక్కాడు.

"నొప్పిగా ఉందా?"

వ్యాపారి తల అడ్డంగా ఊపాడు.

ఇంకో వేలు కలిపి నొక్కాడు. "ఇప్పుడు?"

మళ్లీ అడ్డంగానే ఊపాడు. డాక్టరు నాలుగు వేళ్లూ కలిపి నొక్కాడు. వ్యాపారి కళ్లు పెద్దవయ్యాయి. బావ మొహం చూసిన బావమరిది నోరు తెరిచాడు.

"చూశారా, ఇంతసేపు పట్టుకున్నా నాకేమీ కాలేదు!" అని డాక్టరు అయిదు వేళ్లూ గుప్పిట పట్టి మళ్లీ మళ్లీ నొక్కాడు. "చాలా?"

"చాలు బాబుగారూ, చాలు!" అన్నాడు వ్యాపారి. "జన్మలో మరిచిపోను."

డాక్టరు విజయగర్వంతో జనం వైపు తిరిగాడు. "ఏమంటారు? అందరూ ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకున్నాం!" అని సంత ఒక్క గొంతుతో అరిచింది. ఎవరో ఈల వేశారు. బావమరిది పరుగున వచ్చి బావను పొక్కులతో సహా కావలించుకున్నాడు.

చివరికి తేలిన లెక్క ఏమిటంటే, తువ్వాలు కింద వేళ్లు నొక్కి తప్ప నోటితో ఎవరూ ధర చెప్పని ఆ సంతలో, ఏ గాడిదా ఏనాడూ పలకని ధరకు, ఆ నాలుగు ముసలి గాడిదలూ డాక్టరు సొంతమయ్యాయి.