పరీక్షకు ముందు టీ

టీ గ్లాసులో పడకుండా బల్ల మీదికి పారింది.

"అయ్యో అన్నా, చెయ్యి కాలుతుంది!"

నవోమి గబుక్కున లేచి, అతని చేతిలోని గిన్నె పట్టుకుంది.

"నేను పోస్తా," అన్నాడతను.

యాభై దాటిన మనిషి. మాటకూ మాటకూ మధ్య చాలాసేపు ఆగుతున్నాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు.

"నువ్వుండన్నా. నేను పోస్తాలే."

గిన్నె లాక్కుని, చెంగుతో బల్ల తుడిచేసింది. పరీక్ష పెట్టే సారు ఏ నిమిషానైనా రావచ్చు. వచ్చేసరికి బల్ల ఇట్లా ఉంటే ఏమనుకుంటాడు?

మానసిక ఎదుగుదల తక్కువగా ఉన్న పెద్దవాళ్లు ఉండే ఇల్లది, సూళ్లూరుపేటలో. వాళ్లకు తోడుండే పని నేర్చుకోవడానికి నవోమి మూడు నెలలు నాయుడుపేటలో క్లాసులకు పోయింది. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి, నోట్సు మొత్తం కంఠతా పట్టింది.

ఈ రోజు గట్టెక్కితే ఇక్కడే ఉద్యోగం. నాలుగేళ్లొచ్చినా మాటలు రాని కూతురు షారన్‌ను కూడా వెంట తెచ్చుకోవచ్చు. పాప రోజంతా కళ్లెదుటే ఉంటుంది.

"లోపల కూర్చోమ్మా. నిన్ను పరీక్ష చేసే ఆయన నీతో మాట్లాడతారు," అని చెప్పి ఇందాక పంపింది ఈ ఇల్లు నడిపే ఏంజెలిన్ మేడం.

"నెల్లూరు నుంచి వస్తాడంట," అన్నాడు అప్పుడు, బయట వరుసలో ఉన్న ముఖేష్, తనలాగే పరీక్షకొచ్చినవాడు. "ఈపాటికి బస్సులో నిద్రపోయి, ఇక్కడ దిగకుండా తడ ఊరు కూడా దాటేసుంటాడు."

అందరూ నవ్వారు. నవోమికి నవ్వు రాలేదు.

ఫోను మోగింది. అత్త రెబెక్కమ్మ.

"అమ్మే, నీ కూతురు ఇడ్లీ చేత్తో పట్టుకోని చూస్తా ఉంది గానీ తినడంలా."

"నువ్వే నోట్లో పెట్టత్తా. దానికి చేత కాదు."

ఫోను పెట్టేసరికి అతను మళ్లీ గిన్నె దగ్గరికి వచ్చి ఉన్నాడు. చక్కెర డబ్బా మూత తిప్పుతున్నాడు. అటు తిప్పాల్సింది ఇటు తిప్పుతున్నాడు. ఆగి, డబ్బాకేసి చూసి, మళ్లీ తిప్పుతున్నాడు.

నవోమి రెండు సెకన్లు ఓర్చుకుంది. తర్వాత డబ్బా తీసుకుని మూత తీసింది. రెండు చెంచాలు వేసి కలిపి, గ్లాసు అతని ముందు పెట్టింది.

"తాగన్నా. మెల్లిగా. ఊదుకోని తాగు."

అతను గ్లాసు ముట్టుకోలేదు.

"ఎందుకొచ్చినావు?" అని అడిగాడు.

"ఊరికేన్నా. మిమ్మల్నందర్నీ చూసిపోదామని."

"పిల్లలున్నారా?"

"ఉంది ఒక పాప."

"ఏం చేస్తాది?"

"ఏం చేయగలదన్నా, చిన్నపిల్ల," అంటూ నవోమి తలుపు వైపు చూసింది. బయట చెప్పుల చప్పుడు. సారు కాదు. ఎవరో నీళ్ల క్యాను దించిపోయారు.

"అన్నా, పెద్ద సారు వస్తాడు. నువ్వు ఈ కుర్చీలో చక్కగా కూర్చో, ఏం? నాకు మంచి పేరొస్తుంది."

అతని గుండీలు ఊడదీసి సరిగ్గా పెట్టింది. జుట్టు సవరించింది. అతను చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

కాసేపటికి లేచి, టీ అట్లాగే వదిలి, బయటికి నడిచాడు.

సారు రాలేదు.

అరగంట తర్వాత ఏంజెలిన్ మేడం వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఈసారికి లేదమ్మా నవోమీ. వచ్చే బ్యాచ్‌లో మళ్లీ రా."

నవోమి లేచి నిలబడింది.

"నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదే మేడం! అన్నీ చదువుకోనొచ్చినాను. నోట్సులో ఏ పేజీ అయినా అడగండి, చెప్తాను. సారే రాకుండా ఎట్లా లేదంటారు?"

"అడిగారంట కదమ్మా. మూడు ప్రశ్నలు."

"ఎవరు మేడం?"

మేడం చేతిలోని కాగితాన్ని బల్ల మీద ఆమె వైపు తిప్పి పెట్టింది.

పెద్దపెద్ద అక్షరాలు. ఒక్కొక్కటీ నొక్కి రాసినట్టున్నాయి.

"మంచిది. దయ ఉంది. నన్ను ఏమీ చెయ్యనీలేదు."

దాని కింద, 'పరీక్షించినవారు' అని అచ్చువేసిన చోట, పేరైనా అడగకుండా ఆమె కుర్చీలో కూర్చోబెట్టిన మనిషి సంతకం గీత దాటి వంకరగా ఉంది: హజరత్తయ్య.