రెండో షిఫ్టు

"గేటు తియ్యవయ్యా! మేమేమన్న దొంగలమా?"

బొగ్గు కంపెనీ ఏరియా ఆఫీసు ముందు గేటు ఊచలు పట్టుకుని ఊపుతున్నాడు వజీర్. అతని వెనక రెండొందల మంది రిటైరైన కార్మికులు. "పెన్షన్ పెంచాలె" అని పొద్దుటి నుంచి అరిచి అరిచి అతని గొంతు బొంగురుపోయింది.

గేటుకు లోపలివైపు లాఠీ పట్టుకుని నిలబడ్డ సెక్యూరిటీ గార్డు బిక్షం, ముఖానికి కట్టుకున్న దస్తీని కళ్ల దాకా లాక్కున్నాడు. బొగ్గు లారీలు తిరిగే తోవ కాబట్టి దస్తీ కట్టుకుంటే ఎవరూ వింతగా చూడరు. ఆ గుంపులో సగం మంది అతనితో కలిసి బొగ్గుబాయిలోకి దిగినవాళ్లే. వజీర్‌ అయితే ఇరవయ్యేళ్లు ఒకే షిఫ్టు. వాళ్ల ముందు ఈ లాఠీతో నిలబడాల్సి వచ్చినందుకు బిక్షానికి చచ్చేంత సిగ్గుగా ఉంది.

కానీ పొద్దున్నే సూపర్‌వైజర్ ఖరాఖండిగా చెప్పాడు. "గేటు దాటి ఒక్కడొచ్చినా నీ నౌకరి పోయినట్టే కాకా. రెండు గంటలకు కొత్తాయన వస్తడు. ఆయనకు డ్యూటీ అప్పజెప్పి పో."

వచ్చే పెన్షన్ ఇంటి కిరాయికే సరి. ఈ నౌకరీ పోతే పొయ్యి మీద ఏం పెట్టాలో భార్య సారవ్వకు చెప్పే మొహం లేదు.

"బిక్షమన్న ఏడి? దరఖాస్తు మీద మొదటి సంతకం ఆయనదే గదా!" అని గుంపులో ఎవరో అడిగారు.

"కొత్తగూడెంల బిడ్డ ఇంటికి పోతున్నని చెప్పిపోయి నెలాయె. ఆగు, ఫోన్ చేస్త," అన్నాడు వజీర్.

బిక్షం జేబులో ఫోను చప్పుడు లేకుండా వణికింది. అతను జేబు మీద చెయ్యి అదిమి పట్టుకున్నాడు.

"ఎత్తుతలేడు. మనవరాలిని ఆడిస్తున్నడు కావచ్చు. అదృష్టవంతుడు!"

"ఈ గార్డుగానికి సిగ్గు లేదా? పెద్దోళ్లను ఎండల నిలబెడతడా?" అని ఇంకొకడు ఎగిరాడు.

"ఊకో! ఆయనకేం తిప్పలున్నయో. పొట్ట కోసం ఎవలేం జేస్తరో మనకేమెరుక," అని వాడిని కసిరి, వజీర్ ఊచల సందులోంచి కాగితాలు అందించాడు. "గేటు తియ్యకున్నా సరేనన్నా. ఈ దరఖాస్తు లోపలియ్యి."

బిక్షం తల వంచుకుని అందుకున్నాడు. సంతకాల్లో మొదటిది తనదే. వజీర్ నాలుగు తిట్లు తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఒంటిగంటన్నరకు ధర్నా ముగిసింది. "ఇంటికాడ చుట్టాలున్నరు, జల్ది పోవాలె," అంటూ వజీర్ స్కూటరెక్కాడు. ఒక్కొక్కరే వెళ్లిపోయాక గానీ బిక్షం ఊపిరి పీల్చుకోలేదు.

రెండు దాటాక కొత్త గార్డు వచ్చాడు. మడత నలగని యూనిఫాం, కళ్ల దాకా దస్తీ. తల ఎత్తకుండా లోపలికొచ్చి లాఠీ కోసం చెయ్యి చాచాడు. బిక్షం లాఠీ ఇచ్చి, డ్యూటీ రిజిస్టర్ అతని ముందుకు జరిపాడు.

"నా పేరు కింద నీ పేరు రాయి."

అతను పెన్ను పట్టుకుని వంగాడు. పై గీతలో ఉన్న పేరు దగ్గర అతని చూపు ఆగిపోయింది. పెన్ను కదల్లేదు.

"ఏందయ్యా, రాయొస్తదా?" అన్నాడు బిక్షం.

అతను మెల్లగా దస్తీ కిందికి జార్చి, "కొత్తగూడెం నుంచి ఎప్పుడొచ్చినవన్నా?" అని బొంగురు గొంతుతో అడిగాడు, వజీర్.