నలభై దాటని కారు

ఆమె భర్తకు సొంత తప్పంటూ ఉండదు. పాలు పొంగితే పొయ్యిది, చొక్కా బిగుతైతే దర్జీది. పోయిన నెల ఆమె తండ్రి ఆస్పత్రి దారిలోనే కన్నుమూస్తే, ట్యాక్సీగా తిప్పే కొత్త కారుది.

"పోయిన నెల మామగారిని ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, ఎంత తొక్కినా ఎనభై దాటనిస్తేగా! ఆ స్పీడ్ లిమిటర్ పీకి పారెయ్," అన్నాడు మెకానిక్‌తో, ఆమె పక్కనుండగానే.

"పీకితే కేసవుతుంది సార్. చట్టం." మెకానిక్ కారుకి ల్యాప్‌టాప్ తగిలించి, తేదీ అడిగి ఆనాటి వేగం రికార్డు చూశాడు. "ఆ రోజు మీరసలు నలభై దాటలేదే! దారిలో తొమ్మిది నిమిషాలు ఆపారు కూడా."

ఆమె భర్త వైపు తిరిగింది. "నాన్న ఒక్కరే గుండె పట్టుకుని వెనక సీట్లో ఉంటే, ఎందుకాపారండీ?"

అతను తల దించుకున్నాడు.

"టైర్లకు గాలి కొట్టించాను. మీ నాన్న నాటకమాడుతున్నాడనుకున్నానే... తప్పు నాదే."