బరువైన పిస్టల్

డార్విన్ నగరంలో తుపాకుల షాపువాడు కౌంటర్ మీద రెండు సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లు పెట్టాడు. ఒకటి బరువు, ఒకటి తేలిక. ఈ ఏడాది షూటింగ్ క్లబ్బు పోటీలో గియాసుద్దీన్‌ను ఓడించాలి. హాస్పిటల్లో నాకు రావలసిన పదవి తన్నుకుపోయినవాణ్ణి, చచ్చేలోగా గురి అట్ట మీదైనా ఓడించాలి.

వెనక నుంచి అతని గొంతే వినిపించింది.

"బరువుది వద్దు సాబ్. మీ చెయ్యి వణుకుతున్నది. పది గుండ్లకే వాలిపోతది. తేలికది తీస్కోండ్రి."

పదకొండేళ్ల తర్వాత నాతో ఆడిన మొదటి మాట. ఒకప్పుడు నన్ను 'ఒరేయ్' అని పిలిచినవాడు ఇప్పుడు 'సాబ్' అంటున్నాడు. ఎంత వెటకారం! శత్రువు సలహాను తిరగేసి చదవాలని నేను చదివిన చరిత్ర పుస్తకాలన్నీ చెప్పాయి. బరువుదే ఎంచుకున్నాను. పర్మిట్ దరఖాస్తులో దాని నంబరే రాసి సంతకం పెట్టాను.

అప్పుడు అతని కూతురు ఫరహ్ నా పక్కకొచ్చింది.

"థాంక్స్ అంకుల్, అబ్బాతో కోపంగా మాట్లాడలేదు మీరు. డాక్టర్ చెప్పాక లైసెన్స్ క్యాన్సిల్ చేశారు. ఆయన పిస్టల్ సరెండర్ చేయడానికి వచ్చాం. ఇప్పుడు నన్ను కూడా గుర్తుపట్టట్లేదు. గన్స్ గురించి మాత్రం ఒక్కటీ తప్పు చెప్పరు."

గియాసుద్దీన్ నవ్వుతూ చెయ్యి చాచాడు.

"క్లబ్బుల కొత్తగా చేరిండ్రా సాబ్? మీ పేరు?"

చెప్పాను.

"మంచి పేరు," అన్నాడు. "ఆదివారం రండ్రి. నేను నేర్పిస్తా."